బూటులో ఉన్న బూటకం

రెండేళ్ళ పాటు నా కాళ్ళ వాసనను నేను చక్కెర ఫ్యాక్టరీకి అంటగట్టాను. ఇంత అమాయకత్వం ఎలా సాధ్యమని అడిగేవాళ్ళు అరవైల నాటి బోధన్‌లో సీజన్ రోజుల్లో ఒక్క పూటైనా ఉండి ఉండరు.

చెరుకు ఆడే సీజన్ మొదలైందంటే ఊరికి ఒకే వాసన. మొలాసిస్, అంటే చక్కెర తీయగా మిగిలే మడ్డి వాసన. అటు తీపీ కాదు, ఇటు పులుపూ కాదు, రెండూ పోట్లాడుకుని పడి చచ్చిన వాసన. ఆరేసిన దుప్పట్లో అదే, అటక మీది బియ్యంలో అదే, దేవుడి గూట్లో అగరుబత్తి వెనకాల నిలబడి ఉండేదీ అదే. బస్సు దిగగానే ముక్కు మూసుకున్నవాడు పరాయి ఊరివాడు, మూసుకోనివాడు మనవాడు. ఇంత పెద్ద వాసనలో నా రెండు కాళ్ళ వాసన కాలువలో కలిసిన చెంబెడు నీళ్ళలాగా తెలియకుండా పోయింది. కనీసం నాకు తెలియలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. మొలాసిస్ గుంటల వాసన భరించలేకపోతున్నామని మా వాడకట్టువాళ్ళు ఒక అర్జీ రాస్తే, మొదటి సంతకం నాదే. సంతకం పెడుతుండగా పక్కన నిలబడిన పెద్దాయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇవాళ మరీ ఎక్కువగా ఉందన్నాడు. నేను కూడా గంభీరంగా తల ఊపాను.

నేనప్పుడు చెరుకు ఆఫీసులో గుమాస్తాను. పేరుకు గుమాస్తానే గాని, వారంలో మూడు నాలుగు రోజులు నిజాంసాగర్ కాలువ కింద తోటల్లో తిరిగి ఎవరి చెరుకు ఎంత పెరిగింది, ఎప్పుడు కోతకొస్తుంది అని రాసుకుని రావాలి. తడి మళ్ళల్లో నడక. దానికి చెప్పులు చాలు. కాని చెప్పులేసుకుంటే అది చెప్పుకోదగ్గ ఉద్యోగం కాదని నా అభిప్రాయం. బూట్లు వేసుకున్నవాడు సాబు, చెప్పులు వేసుకున్నవాడు చెప్పింది చేసేవాడు. అందుకని మొదటి జీతంతో నిజామాబాదు పోయి నల్లటి తోలు బూట్లు ఒక జత కొన్నాను. ఒకే జత. వాటిలోకి బొంబాయిలో ఉండే మేనబావ నైలాన్ మేజోళ్ళు పంపించాడు. అవి కొత్తగా వచ్చిన రోజులు. వీటికి ఇస్త్రీ అక్కర్లేదు, పిండటం అక్కర్లేదు అని ఉత్తరంలో రాశాడు. పిండనక్కర్లేనిదాన్ని తడపటం మాత్రం దేనికని నేను అర్థం చేసుకున్నాను. భాష తెలిసినవాడికి ఇదొక బాధ, రాసినదానికంటే ఎక్కువ చదువుతాడు.

మా ఆఫీసులో నా పక్క బల్ల హెడ్ క్లర్కుది. మంచి మాటకారి. నా బూట్లు మెరవటం చూసి మొదట్లో ఆయనకు కొంచెం కడుపుమంటగా ఉండేదేమో, ఆయన బూట్లు నావాటి కంటే పాతవి. తర్వాత ఆ మంట నా మీద దయగా మారి, నాకొక సంబంధం చూశాడు. ఆయనకు వరుసకు బావ అయ్యే రైతు, కమ్మర్‌పల్లి దిక్కు ఒక ఊళ్ళో పసుపు, మక్కజొన్న పండిస్తాడు. ఆయనకొక్కతే కూతురు. నన్ను కన్న అవ్వా బాపూ అప్పటికే లేరు. నేనుంటున్నది అక్క ఇంట్లో. మాఘమాసంలో అక్కా నేనూ పిల్లను చూడటానికి బయలుదేరాం.

బోధన్ నుంచి నిజామాబాదు, అక్కడి నుంచి ఆర్మూరు, ఆర్మూరు నుంచి ఇంకో బస్సు. ఆర్మూరు దాటినా ఫ్యాక్టరీ వాసన వస్తూనే ఉంది. గాలి ఇటు కొడుతున్నట్టుందని నేను అక్కతో అన్నాను. అక్క కిటికీలోంచి తల లోపలికి తీయలేదు.

వాళ్ళ వాకిట్లో పెద్ద కడాయిలో పసుపు ఉడుకుతోంది. ఇల్లంతా ఆ ఘాటైన పచ్చి వాసన. పిల్ల తండ్రి మమ్మల్ని అరుగు మీద కుర్చీల్లో కూర్చోబెట్టాడు. మా ప్రాంతంలో ఇంటికొచ్చినవాళ్ళకు ముందు కాళ్ళకు నీళ్ళిస్తారు, తర్వాతే తాగటానికిస్తారు. ఆ నీళ్ళ చెంబు తెచ్చింది పిల్లే. చామనఛాయ, పెద్ద కళ్ళు, మోచేతుల దాకా పసుపు. కడాయి దగ్గర పని చేస్తూ చేస్తూ అట్లాగే వచ్చినట్టుంది. సింగారించుకుని వచ్చినా నాకు అంత నచ్చేది కాదు. ఈ పిల్లనే చేసుకోవాలని అక్కడే, ఆ చెంబు వైపు చూస్తూనే నిర్ణయించుకున్నాను. ఆ సంతోషంలో వంగి ఎడమ బూటు లేసు విప్పి, మడమ సగం బయటికి లాగాను.

కడాయి దగ్గరున్న తండ్రి తల పైకెత్తాడు. ముక్కు రెండు వైపులా తిప్పాడు.

“ఏదో కుళ్ళిన కొమ్ము వడ్డట్టున్నది కడాయిల,” అన్నాడు కూలివాళ్ళతో. “కలిపి సూడుండ్రి.”

ఇద్దరు మనుషులు పొడుగాటి కర్రలతో ఆ కడాయి అడుగు దాకా తిప్పి వెతికారు. కుళ్ళిన కొమ్ము దొరకలేదు. దొరకదు. అది అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంది.

పసుపు ఉడికే వాసనను దాటి వచ్చిన ఆ వాసన అప్పుడు నా ముక్కుకూ తగిలింది. బోధన్‌కు ఎన్నో కోసుల దూరాన, ఒక్క చెరుకు గెడ కూడా లేని ఊళ్ళో. రెండేళ్ళుగా నేను ఫ్యాక్టరీ అనుకున్నది నా బూట్లోనే నడుస్తోందని తెలిసింది. మడమ గబుక్కున లోపలికి తోసి లేసు బిగించాను. కాళ్ళు కడుక్కోరేమని పిల్ల తల్లి అడిగితే, కాలికి ముల్లు విరిగిందనీ, కంపౌండరు కట్టు కట్టాడనీ, బూటు విప్పకూడదనీ వరసగా మూడు అబద్ధాలు చెప్పాను. బూటకం అనే మాట బూటులోంచే పుట్టి ఉంటుందని నాకు ఆ క్షణంలోనే తోచింది. పిల్ల చెంబు పట్టుకుని నా బూటు వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

తండ్రి మాత్రం నవ్వాడు.

“ముల్లు ఇరిగితే ఇరిగింది తియ్ పటేలా. పెండ్లిల నీ కాళ్ళు కడిగేది నేనే గద. గప్పుడు సూస్త ఆ ముల్లు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు ఒక్కటే ఆలస్యంగా మొదలై ముందుగా ఆగిపోయింది.

తిరుగు బస్సులో ఆర్మూరు వచ్చేదాకా అక్క ముక్కు మీంచి కొంగు తీయలేదు. తర్వాత మెల్లగా అంది: “తమ్మీ, ఫ్యాక్టరీ మనెంబడి వచ్చిందిరా.” రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి చెప్పలేదేమని అడిగాను. “చెరుకు నౌకరి గద, గట్లనే ఉంటదనుకున్న,” అంది. బూట్లు ఆ సాయంత్రం నుంచి పెరట్లో బర్రె కొట్టం గోడ మీదికి మారాయి. రెండో రోజుకు బర్రె అటువైపు తిరిగి మేయటం మానేసిందని అక్క చెప్పింది. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

సంబంధం ఖాయమైంది. వైశాఖంలో ముహూర్తం. అంటే, ఆ పసుపు రైతు నా పాదాలు పళ్ళెంలో పెట్టుకుని కడగటానికి మూడు నెలలు. ఆయన సంగతి హెడ్ క్లర్కు ద్వారా అప్పటికే పూర్తిగా విన్నాను. నిజామాబాదు గంజ్ బజారులో పసుపు కుప్ప దగ్గరికొచ్చి చేయి పెట్టడు, ముక్కు పెడతాడు. తడి ఆరని సరుకును నాలుగడుగుల దూరం నుంచే పట్టేస్తాడు. అంతకుముందు రెంజల్ నుంచి వచ్చిన ఒక పెళ్ళికొడుకు పాన్ నమిలి బీడీ వాసన దాచుకున్నానని అనుకుంటే, మజ్జిగ తాగించి వాపసు పంపాడట.

“మా బావ ముక్కుసూటి మనిషి తమ్మీ,” అని హెచ్చరించాడు హెడ్ క్లర్కు. “పందిట్ల పీట మీదికెల్లి లేసిపోతే మాత్రం నన్ననొద్దు.”

ముక్కుసూటి మనుషులతో చిక్కు ఏమిటంటే, ఆ ముక్కు నేరుగా ఎక్కడికి వస్తుందో ముందే తెలిసిపోతుంది. చెప్పుకోలేని బాధ అంటే చెప్పుల్లోకి మారినా తీరని బాధ అని నాకప్పుడు అర్థమైంది. ఎందుకంటే అప్పటికి చెప్పులూ ప్రయత్నించాను. కాళ్ళకు పట్టిన వాసన చెప్పుల్లోకి దిగింది, అంతే.

వైద్యం చెప్పమని ఎవరినీ అడగలేదు. ఐనా హెడ్ క్లర్కు చెప్పాడు. వైద్యానికి ముందు వెక్కిరింత: రోజూ పదింటికి రావటం, కుర్చీలో కూలబడటం, జేబురుమాలు ముక్కుకు పెట్టుకోవటం, “పరిమళం సాబ్ వచ్చిండా?” అనటం. మొదటి రోజే పదిన్నరకల్లా ఆ పేరు ఆఫీసంతా పాకింది. చెరుకు కోత పర్మిట్ల కోసం వచ్చే రైతులు కూడా పరిమళం సాబ్ ఎక్కడని అడగటం మొదలుపెట్టారు. కొందరు అది నా ఇంటిపేరనుకున్నారు.

ఆయన మొదటి వైద్యం పసుపు. మామ ఇంటి పసుపుతోనే మామ ముక్కును గెలవాలన్నాడు. మాటలో చమత్కారం ఉంటే నేను వెనకాముందూ చూడను. ఒక్కో బూట్లో పిడికెడు పోశాను. నాలుగు రోజులు తోటల్లో నడిచాక మేజోళ్ళు, కాళ్ళు, ప్యాంటు అంచులు అన్నీ పచ్చబడ్డాయి. కాలువ గట్టు మీద కాళ్ళు కడుక్కుంటుంటే ఒక ముసలి రైతు చూసి, ఇంకా వైశాఖం రాకముందే పెళ్ళికొడుకును చేశారా అని అడిగాడు. వాసన తగ్గలేదు. పసుపన్నం పాసిపోయినట్టు మారింది.

తర్వాత అత్తరు. నిజామాబాదులో ఒక చిన్న సీసా కొని, దూదిలో ముంచి బూటు ముందు భాగంలో కుక్కాను. రెండు వాసనలూ లోపల కాపురం పెట్టి మూడోదాన్ని కన్నాయి. ఆ మూడోదానికి పేరు పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. ఆ రోజు మా ఆఫీసు జవాను నాకు టీ కప్పు బల్ల ఆ చివరన పెట్టి, కర్రతో ఇటు తోశాడు. కంపౌండరు ఇచ్చిన ఊదా రంగు మందు నీళ్ళలో కాళ్ళు పెడితే, వంకాయ రంగు నీళ్ళలోంచి కాల్చిన వంకాయల్లాంటి కాళ్ళు బయటికొచ్చాయి. పదిహేను రోజులు అవి ఎవరో వేరే మనిషి కాళ్ళలాగా నా వెంట నడిచాయి.

ఫాల్గుణం అయిపోవచ్చింది. రాత్రి కంచం ముందు కూర్చుంటే పందిరీ, పళ్ళెమూ, దాని మీద వంగిన ముక్కూ కళ్ళముందు నిలిచేవి. సంబంధం వద్దని చెప్పి తప్పుకోవచ్చు. కాని మోచేతుల దాకా పసుపున్న ఆ చేతులు గుర్తొచ్చి మళ్ళీ మజ్జిగ కలుపుకునేవాణ్ణి.

చివరికి బూట్లు లోపలి తోలు మార్పిద్దామని నిజామాబాదు పట్టుకెళ్ళాను. బస్టాండు దగ్గర గోడ నీడన కూర్చునే ముసలాయన, బూట్లు కుట్టటంలో చేయి తిరిగినవాడు. ఆయన నా బూటు తీసుకుని మొహం చిట్లించలేదు, జేబురుమాలు తీయలేదు. చేయి లోపలికి పెట్టి, వేళ్ళు బయటికి తీసి, ఆ తడిని వెలుగులో చూశాడు.

“ఇది ఎండి ఎన్ని దినాలయింది సారు?”

రోజూ వేసుకుంటానన్నాను.

“గదే అడుగుతున్న. ఎండింది ఎన్నడు?”

కొన్నప్పటి నుంచి అది ఎండలేదు. పొద్దున మళ్ళల్లో తడవటం, పగలంతా కాళ్ళ చెమటలో నానటం, రాత్రి ఇంటి మూలన, ఈమధ్య గోడ మీద మంచులో పడుండటం, పొద్దున్నే మళ్ళీ అదే కాలు, అదే తడి.

“మీకు ఆయితారం సుట్టీ ఉన్నది. దీనికి లేదు,” అన్నాడు ముసలాయన. “కాలుది తప్పు లేదు, తోలుది తప్పు లేదు. ఇద్దరికీ సుట్టీ ఇయ్యకపోతిరి.” మేజోళ్ళు కూడా చూపించమన్నాడు. చూపించాను. వాటిని మాత్రం రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. “మైనంగుడ్డల కూర గట్టి పెడితే ఏమైతది? గదే అయింది.”

ఆయన చెప్పిన వైద్యంలో చమత్కారం ఒక్క ముక్క లేదు, అందుకే అంతకుముందు నాకెవరూ చెప్పలేదేమో. ఇంకో జత కొనుక్కుని, ఒక రోజు ఒకటి, మర్నాడు ఇంకొకటి. విప్పిన జత లేసులు తీసి, నాలుక బయటికి లాగి, పాత కాగితాలు కుక్కి నీడగాలిలో ఆరబెట్టాలి, మధ్యలో కాసేపు ఎండ చూపించాలి. మేజోళ్ళు నూలువి, రోజూ ఉతికినవి. కాళ్ళు సబ్బుతో కడగటం ఒక్కటే చాలదు, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడవాలి. రాత్రి పటిక కరిగించిన నీళ్ళలో కాసేపు పెట్టాలి. ఆఫీసులో బల్ల ముందు కూర్చున్నప్పుడు చెప్పులు. లోపలి పాత తోలు ఆయన పీకి పారేసి కొత్తది వేశాడు. ఆ పాత తోలును కుక్క ఒకటి వచ్చి వాసన చూసి, మర్యాదగా తిరిగి వెళ్ళిపోయింది.

చెప్పులేసుకుని ఆఫీసుకు పోవటం నాకు చాలా కష్టమైంది. సాబుతనం సగం పోయినట్టు అనిపించింది. వేళ్ళకు గాలి తగిలింది. మూడో వారంలో బూట్లు తీసుకెళ్ళి అక్క ముందు పెట్టి పరీక్ష చేయమన్నాను. నా ముక్కును నేనే నమ్మే కాలం ఎప్పుడో పోయింది. అక్క కొంగు అడ్డం పెట్టుకుని మొదట దూరం నుంచి, తర్వాత కొంగు తీసి దగ్గరి నుంచి చూసింది. “ఇప్పుడు తోలు వాసన వస్తున్నదిరా,” అంది. కళ్ళనీళ్ళొక్కటే తక్కువ నాకు.

సీజన్ ముగిసి ఫ్యాక్టరీ ఆగింది. ఊరు మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. విచిత్రం ఎక్కడంటే, మా ఆఫీసు గదిలో వాసన మాత్రం అట్లాగే ఉంది. హెడ్ క్లర్కు జేబురుమాలూ అట్లాగే ఉంది. పరిమళం సాబ్ అనే పిలుపూ అట్లాగే ఉంది. నేను మళ్ళీ భయపడ్డాను. కాళ్ళు రెండు పూటలా కడిగాను. పటిక రెట్టింపు చేశాను. చెప్పులు కూడా కడిగాను.

ఒక రోజు హెడ్ క్లర్కు పంటినొప్పితో సెలవు పెట్టాడు. ఆ రోజు వాసన కూడా సెలవు పెట్టింది.

మర్నాడు ఆఫీసు వేళ కాకముందే వచ్చి కూర్చున్నాను. గదిలో ఏ వాసనా లేదు. పదింటికి ఆయన వచ్చాడు, కుర్చీలో కూలబడ్డాడు, బూట్ల కాళ్ళు బల్ల కిందికి చాపాడు. వాసన వచ్చింది. ఆయన జేబురుమాలు తీశాడు. “పరిమళం సాబ్ వచ్చిండా?” అన్నాడు. పాపం, ఆయన నిజంగానే అది నాదని నమ్ముతున్నాడు. రెండేళ్ళు నేను నమ్మినట్టే. ఆయనకు ఫ్యాక్టరీ అక్కర్లేకపోయింది, నేను దొరికాను. అప్పుడు చెప్పేయవచ్చు. చెప్పలేదు. నా కాళ్ళ విషయంలో నాకే అంత నమ్మకం ఇంకా కుదరలేదు. అసలు తీర్పు చెప్పాల్సిన ముక్కు వేరే ఉంది.

పెళ్ళి జరిగింది పిల్ల వాళ్ళ వాకిట్లోనే. పొద్దున పదింటి ముహూర్తం. పీట మీద కూర్చున్నాక చూస్తే, హెడ్ క్లర్కు కాబోయే మా అత్తగారి చేతిలో ఒక అత్తరు సీసా పెడుతున్నాడు. కాళ్ళు కడిగేటప్పుడు దగ్గర పెట్టుకో, అవసరం పడుతుందని అందరికీ వినపడేటట్టే చెప్పాడు. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. తెర అవతల గాజుల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. పిల్ల కూడా విన్నదన్నమాట.

ఇత్తడి పళ్ళెం తెచ్చారు. నా పాదాలు అందులో పెట్టుకుని మామ వంగాడు. అత్త నీళ్ళు పోసింది. మామ తొందరపడలేదు. మడమ, అరికాలు, వేళ్ళ సందులు, ఒక్కొక్కటీ పసుపు కొమ్ము తిప్పి చూసినట్టు చూశాడు. ముక్కు కిందికి దిగింది. నేను ఊపిరి బిగబట్టాను, నా ఊపిరితో ఆయనకు పనేమీ లేకపోయినా. పంతులుగారు మంత్రం పూర్తి చేసి ఎదురు చూస్తున్నారు.

మామ తలెత్తాడు. “ముల్లు లేదు,” అన్నాడు గట్టిగా, అందరికీ. తర్వాత నాకొక్కడికే వినిపించేటట్టు: “ఆ దినం మా కడాయిల వడ్డ కుళ్ళిన కొమ్ము గిదేనా అల్లుడా?”

“గదే మామా,” అన్నాను. “ఎండబెట్టిన.”

ఆయన మీసాల్లో నవ్వుకుని ఆ నీళ్ళు తల మీద చల్లుకున్నాడు. అత్తరు సీసా మూత ఎవరూ తీయలేదు. తెర దించారు.

భోజనాలకు ఆకులు వేశాక, వడ్డనకు ముందు, సంబంధం కుదిర్చిన పెద్దమనిషికి బట్టలు పెట్టే సమయం వచ్చింది. హెడ్ క్లర్కు పందిరి అంచున కుర్చీలో, బూట్లతో, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన వల్లే ఇల్లు నిలబడుతోందనీ, ఉత్త బట్టలిచ్చి పంపితే బాగుండదనీ, ఆయన కాళ్ళకు కూడా మీ చేత్తో నీళ్ళు పోస్తే నాకు సంతోషమనీ మామతో అన్నాను. నా గొంతులో వినయానికి నాకే ముచ్చటేసింది. కొత్త అల్లుడి మొదటి కోరిక, ఎవరు కాదంటారు? పళ్ళెం మళ్ళీ వచ్చింది.

“వద్దు బావా, వద్దు,” అన్నాడు హెడ్ క్లర్కు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుని. “మోకాళ్ళు వంగయి. బూటు ఇప్పరాదు.”

“నువ్వు వంగుడెందుకు?” అన్నాడు మామ. “నేను వంగుత గద.”

ఒక బూటు ఊడి వచ్చింది. సన్నాయి ఊదేవాడు లోపలికి పీల్చిన గాలిని బయటికి వదలటం మరిచిపోయాడు. ముందు వరసలో ఆకుల ముందు కూర్చున్నవాళ్ళు తమ తమ ఆకులతో సహా లేచి వెనక వరసలోకి జరిగారు. మామ మాట ఇచ్చిన మనిషి, మొహం పక్కకు తిప్పుకుని ఒక కాలు కడిగాడు, తుడిచాడు, లేవబోయాడు. హెడ్ క్లర్కు బతికిపోయానన్నట్టు బూటు కోసం చేయి చాపాడు.

“ఒక్క కాలు కడిగి ఇడిసిపెడితె పెద్దమనిషి చిన్నబోతడు మామా,” అన్నాను. “రెండోది గూడ ఇయ్యుండ్రి సాబ్.”

హెడ్ క్లర్కు నా వైపు చూశాడు. నేను ఆయన ముందు కూర్చుని, పెళ్ళిబట్టలు నేలకు తగలకుండా సర్దుకుని, ఆ రెండో బూటు లేసు నా చేత్తోనే, నిదానంగా, ఒక్కో రంధ్రంలోంచి లాగటం మొదలుపెట్టాను.